చేప పొగ లెక్కలోకి రాదు

ఈసారి మీ దగ్గర పొగ వాసన రావడం లేదేమిటి రైలీ గారూ అని అడిగింది నర్సు మార్కెట్టా, నెలనెలా తీసినట్టే రక్తం తీసి, సూది లాగి, మోచేతి మడతలో దూది అదుముతూ. మాటవరసకే అడిగింది పాపం, నేనేమో మెడలో దండ వేయించుకోబోయేదానిలా గడ్డం పైకెత్తి, మానేశామమ్మాయ్, జూన్ పండగ మంటలోనే తగలేశాం అన్నాను. ఆ మాటకు ఎవరైనా ఏమంటారు? శభాష్ అంటారు. ఇన్నాళ్లూ అందరూ అదే అన్నారు, దుకాణంలో పిల్ల అంది, బస్సు డ్రైవరు అన్నాడు, నన్ను చూస్తే మొహం తిప్పుకునే మేడమీది ఆవిడ కూడా మెట్లమీద ఆగి మరీ అంది. మార్కెట్టా అనలేదు. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది, దూది జారి నేలమీద పడింది, మోచేతినుంచి ఒక చుక్క కుర్చీ చేతిమీద పడింది, అది చూడనే లేదు, నా మొహంలోకి చూస్తోంది, మొహంలోకి కూడా కాదు, నా నోటి మూలకి, అక్కడ తడి, ఈమధ్య ఎప్పుడూ తడే, రుమాలుతో తుడుచుకుంటూనే ఉంటాను. డాక్టరుకు చెప్పారా అంది. ఎందుకు చెప్పాలి, మానెయ్ మానెయ్ అని ఏళ్ల తరబడి నా బుర్ర తిన్నది ఆయనేగా, చెప్పిన పని చేసినందుకు మళ్లీ అర్జీ పెట్టుకోవాలా? అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"మీరు వేసుకునే క్లోజపిన్‌ను ఒంట్లో ఖర్చు చేసేది కాలేయం. సిగరెట్ పొగ ఆ కాలేయాన్ని కొరడా పెట్టి తోలుతుంది. అందుకే మీకు అంత పెద్ద మోతాదు పెట్టాల్సొచ్చింది. పొగ ఆగిందంటే కొరడా ఆగినట్టే. అదే మాత్ర, అంతే మాత్ర, కానీ లోపల పేరుకుపోతుంది. ఒక్కోసారి రెట్టింపు దాకా."

నేను నవ్వాను. నవ్వేదాన్నే మరి, నాకు పాఠం చెబుతోందా, ఈ ఊళ్లో ఈ మందు గురించి నాకంటే ఎక్కువ మాట్లాడినవాళ్లు ఎవరున్నారు, నికొటిన్ మానలేదులే పిల్లా, నూస్కా పెట్టుకుంటున్నాను, ఇదిగో అని పై పెదవి ఎత్తి లోపలి పొగాకు పొట్లం చూపించాను, వంతెన దాటి స్వీడన్‌లోకి నడిస్తే మొదటి దుకాణంలోనే దొరుకుతుంది, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, ఇక్కడ అమ్మనివ్వరు, మా సరిహద్దు ఊళ్లో సిగరెట్ మానడమంటే అంతే, వంతెన దాటడం. మార్కెట్టా తల అడ్డంగా ఊపింది. నికొటిన్‌కు సంబంధం లేదంది. కాలిన పొగతోనే అంది. నిప్పు లేనిదే పొగ రాదు, నూస్కాకు నిప్పు లేదు, అందుకే ఊపిరితిత్తులకు మేలని నేనే అందరికీ చెప్పాను, ఆ మేలే నన్ను ఇక్కడ కూలేసిందా, నిప్పు లేకపోవడమే? నా నవ్వు మొహంమీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా దించాలో తెలియలేదు, తీగలు అంటించి గుండె గీతలు తీసేదాకా అది అక్కడే ఉంది. గీతలు చూసి పరిగెత్తినట్టు నడిచి ఎవరికో ఫోన్ చేసింది. డాక్టరు వేరే రోగితో ఉన్నాడు, గంటలో వస్తాడు, ఈ నడవలో బల్లమీద కూర్చోండి, లేవకండి, నడవకండి అంది, నా చేతిలోంచి కాఫీ కప్పు కూడా లాక్కుంది, కాఫీ కూడా మందు ఖర్చయ్యే ఆ దారికే అడ్డం పడుతుందట. పొద్దున్నించి ఎన్ని కప్పులు తాగాను? ఎవరు లెక్కపెడతారు, ఇది కాఫీ దేశం, ఇక్కడ చావుకూ కాఫీయే పెళ్లికీ కాఫీయే. వెళ్లబోతూ వెనక్కి తిరిగింది. మానేశాం అన్నారు, మేం అంటే ఎవరు అని అడిగింది.

మేం అంటే నేనూ ఓయివా. మా పిచ్చోళ్ల క్లబ్బులో ఈ మందు వేసుకునేది మేమిద్దరమే, పొగతాగేదీ మేమిద్దరమే. ఓయివా జలపాతం దగ్గర గుడిసెలో ఒక్కడే ఉంటాడు. కంఠతా వచ్చిన నంబరు చెప్పాను, మార్కెట్టా చేసింది, మోగింది మోగింది మోగింది, ఎవరూ ఎత్తలేదు, ఇళ్లకు వెళ్లి రోగులను చూసే ఆవిడను కారులో పంపిస్తాను అని వెళ్లిపోయింది, తలుపు మూసుకుంది, నేను బల్లమీద కూర్చున్నాను, కిటికీలోంచి నది కనిపిస్తోంది.

నదికి అవతల స్వీడన్. అక్కడ ఇంకా ఒక గంట వెనక. చిన్నప్పటినుంచి చూస్తున్నదే, వంతెన దాటితే గడియారం వెనక్కి తిప్పుకోవాలి, బస్సు తప్పిపోయినవాళ్లు అవతలికి పోతే దొరుకుతుందని మా నాన్న ఎగతాళి చేసేవాడు, కానీ ఇవాళ ఆ ఎగతాళి గొంతులో అడ్డం పడుతోంది, ఎందుకంటే అవతల ఒడ్డున ఇంకా ఆ గంట జరగలేదు, అక్కడ నేను ఇంకా మెట్లెక్కి ఈ ఆసుపత్రిలోకి రాలేదు, అక్కడ నేను ఇంకా మొనగత్తెను. చేతులు చూసుకున్నాను. ఎడమ చెయ్యి దానంతట అదే ఎగిరింది, తీగ లాగి వదిలినట్టు. నిన్న కాఫీ జగ్గు అలాగే కిందపడి పగిలింది, వయసు అన్నాను. మొన్న వంతెన మధ్యలో మోకాళ్లమీద పడ్డాను, బూట్లు అన్నాను. దిండు తడిసి బిగుసుకుపోతోంది, తలగడ మార్చాను. పొట్ట రాయిలా ఉంటోంది, రై రొట్టె ఎక్కువ తిన్నాను. గురువారం క్లబ్బులో నేనే మాట్లాడుతూ, మాట మధ్యలో, నిలబడి ఉండగానే నిద్రలోకి జారిపోయానట, లేపితే, పొగ మానితే ఇంత మంచి నిద్ర పడుతుంది చూశారా అన్నాను, అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు. నేను విషం మింగుతూ నిలబడి ఉంటే చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను నాకు.

ఎవడు చెప్పాడు నాకు? ఒక్కడు చెప్పాడా? గోడమీద చూడు, ఈ నడవ గోడమీదే, ఊపిరితిత్తుల బొమ్మ, నల్లటి ఊపిరితిత్తులు, కింద పెద్ద అక్షరాలు, ఈరోజే మానండి. ఈరోజే. ముందు నర్సుకు చెప్పండి అని ఒక్క ముక్క లేదు. మానమన్నవాళ్లకు మాత్ర తెలియదు, మాత్ర రాసినవాళ్లు మానతామనుకోలేదు, పిచ్చోళ్లు కదా, వీళ్లెక్కడ మానతారులే అనుకున్నారు, అదీ అసలు సంగతి. మేం మానగలమని ఎవడూ నమ్మలేదు, అందుకే మానితే ఏమవుతుందో చెప్పాలని ఎవడికీ తోచలేదు. నేను లేచి ఆ బొమ్మ చింపేసేదాన్ని, కాళ్లు లేవలేదు. లేవకండి అందిగా. మొదటిసారి ఎవరైనా చెప్పిన మాట విన్నాను, చూడు, దానికి ఇంత కావాల్సొచ్చింది.

మిగతావన్నీ నాకు తెలుసు. ఆ క్లబ్బులో కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేనే చెప్పేదాన్ని, బల్ల గుద్ది చెప్పేదాన్ని, జ్వరమొచ్చినా గొంతు మండినా ఆ రోజే రక్తం చూపించుకో, జలుబు అని ఇంట్లో పడుకోకు, పొట్ట బిగిస్తే సిగ్గుపడకుండా చెప్పు, దానితోనే చచ్చినవాళ్లున్నారు, రెండు రోజులు మాత్ర తప్పితే మూడోనాడు మామూలుగా గుటుక్కున మింగకు, ముందు ఫోన్ చెయ్యి, కింది మెట్టునుంచి ఎక్కిస్తారు. రక్తం తీసే గదిని పక్క ఊరికి తరలిస్తామంటే పట్టణ సభలోకి బూట్లతో నడిచి, మా రక్తం బస్సెక్కదు అన్నది నేనే, గది నిలబడింది, అదే గది, ఆ తలుపు వెనకదే. అంతా తెలిసినదాన్ని. ఒక్కటి తెలియదు. ఆ ఒక్కటీ నా నోట్లోనే వేలాడుతూ ఉండేది, కాలుతూ, ఇన్నేళ్లూ, క్రేను గదిలో కూర్చున్న రోజులనుంచి.

క్రేను గది. ఉక్కు కర్మాగారంలో పైకప్పు కింద గాజు పెట్టె, కింద ఎర్రగా కరిగిన ఉక్కు తొట్టి, చెవికి రేడియో, ఫోర్మన్ గొంతు, ఎడమకి, ఇంకా ఎడమకి, ఆపు. ఒకరోజు షిఫ్టు అయిపోయాక కూడా గొంతు ఆగలేదు. రేడియో గోడకు తగిలించి వచ్చేశాను, బట్టల గదిలో ఉంది, బస్సులో ఉంది, మా వంటింట్లో కుళాయి తిప్పితే అందులో ఉంది, ఎడమకి, ఇంకా ఎడమకి. నాలుగైదు రకాల మందులు మార్చారు, గొంతు మొండికేసింది, యూనియన్ ఎన్నికల్లో నన్ను ఓడించిన మనిషి కంటే మొండి. చివరికి ఈ మాత్ర. వారాలు పట్టింది, కొంచెం కొంచెం పెంచుతూ, వారం వారం రక్తం తీస్తూ, ఒక ఉదయం కుళాయి తిప్పితే నీళ్ల చప్పుడే వచ్చింది. నీళ్లు నీళ్లలా మోగాయి. ఆ కుళాయి కట్టడానికి మనసు రాలేదు నాకు.

ఆ చప్పుడు ఇచ్చిన మాత్రే ఇవాళ నన్ను ముంచబోయింది. సంచిలో డబ్బా ఉంది, చేతికి తగులుతోంది. నడవ చివర మరుగుదొడ్డి. నాలుగు అడుగులు వేస్తే చాలు, పోసేసి నీళ్లు వదిలితే చాలు, ఇక ఎవడి లెక్కలూ అక్కర్లేదు, పొగ లెక్క, కాఫీ లెక్క, కాలేయం లెక్క. అలా ఒకసారి చేశానుగా. బాగైపోయాను అనుకున్నాను, ఒక చలికాలం ఎవరికీ చెప్పకుండా ఆపేశాను, మొదటి వారం రాణిలా ఉన్నాను, తరువాత ఇల్లు వేడిచేసే గొట్టంలో ఫోర్మన్ దగ్గాడు. ఆ తరువాత నాకు గుర్తున్నది మంచు. గడ్డకట్టిన నదిమీద మేజోళ్లతో నడుస్తున్నాను, ఎడమకి, ఇంకా ఎడమకి, ఎడమ వైపు మంచు పలచన, అడుగున నీళ్లు నల్లగా కదులుతున్నాయి, వెనకనుంచి లైటు, అరుపు, ఆగు, సంచిలో ఏముంది? కస్టమ్స్ మనిషి. నన్ను దొంగసరుకు తెచ్చేదాన్ననుకున్నాడు. ఆ బక్క మనిషే ఓయివా, అప్పుడింకా యూనిఫాంలో ఉన్నాడు, అప్పటికింకా వాడి తలలోకి ఎవరూ రాలేదు. మా ఫోర్మన్ ఉన్నాడు అన్నాను సంచి చూపించి. వాడు సంచిలోకి తొంగి చూసి, చాలా గంభీరంగా, ఈయనకు సుంకం లేదు, రా ఒడ్డుకు పోదాం అన్నాడు. తన బూట్లు విప్పి నాకు తొడిగాడు. కొన్నేళ్లకు వాడే మా క్లబ్బు మెట్లు దిగి వచ్చాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ, సంచిలో ఏముందో అడక్కు అన్నాడు. నేను అడగలేదు. కుర్చీ వేశాను, కాఫీ పోశాను.

ఆ మనిషిని నేను మంట దగ్గరికి లాక్కెళ్లాను. పండగ సాయంత్రం, చీకటిపడని ఆకాశం, నది ఒడ్డున పేర్చిన కట్టెలు మనిషికి రెండింతల ఎత్తు, ఊరంతా ఉంది, నేను పెట్టెమీద ఎక్కి, మా పిచ్చోళ్లు మీకంటే ముందు మానతారు చూస్కోండి అని అరిచాను, నా సిగరెట్ పెట్టె విసిరాను, నిండుది, బరువుగా వెళ్లి కట్టెలమధ్య పడింది. ఓయివా నసిగాడు. నేనెందుకే అన్నాడు, నాకు పండగపూట కూడా పని చెబుతావేమే నాయకురాలా అన్నాడు. తోశాను. వాడూ విసిరాడు, వాడిది ఎండుటాకులా గాలిలో తిరిగి తిరిగి వెళ్లి భగ్గుమని ఒక్క క్షణంలో అయిపోయింది. చప్పట్లు. ఆ తరువాత వంతెన దాటినప్పుడల్లా వాడికీ నూస్కా డబ్బాలు తెచ్చాను, ఒకప్పుడు జనం సంచుల్లోంచి అవే లాక్కునేవాడు, దేవుడు నామీద కక్ష తీర్చుకుంటున్నాడు అని గొణుగుతూ పుచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ గుడిసెలో ఏం జరుగుతోంది? నేనైతే ఊరి మధ్య ఉన్నాను, పడితే ఎవరో లేపుతారు. వాడు జలపాతంమీద చెక్క వంతెన చివర నిలబడి పొడుగు కర్రవలతో తెల్లచేపలు ఎత్తుతాడు, కింద నీళ్లు ఉడుకుతున్నట్టు పరిగెడతాయి, అక్కడ నిలబడి ఉండగా, నాకు క్లబ్బులో పట్టినట్టు, నిద్ర పడితే? చెయ్యి ఎగిరితే? మూర్ఛ వస్తుందట, ఎక్కువైతే, మార్కెట్టా ఆ మాట నెమ్మదిగా అంది, గోడకేసి చూస్తూ అంది. ఫోన్ ఎందుకు ఎత్తడు?

అప్పుడు నాకు పొగ గుర్తొచ్చింది. ఆదివారం వాడొచ్చినప్పుడు కోటునిండా పొగ వాసన. ఏమిట్రా ఇది అని కుక్కలా వాసన చూశాను, చేపలు కాలుస్తున్నానే, ఆల్డర్ చెక్కల పొగ, తింటావా అని పొట్లం ఇచ్చాడు. ఈమధ్య వచ్చిన ప్రతిసారీ పొట్లమే. రోజూ చేపలకు పొగపెట్టే ఆ పొగగూటి దగ్గర కూర్చుంటున్నాడన్నమాట, పొగ మింగుతున్నాడన్నమాట, కాలిన పొగే కదా, పొగ పొగే కదా, కాలేయానికి చెక్కేమిటి పొగాకేమిటి ఎలా తెలుస్తుంది? అంటే వాడు క్షేమమే. మార్కెట్టా ఏదో పట్టుకుని నడవలో వెళుతుంటే కొంగు పట్టుకున్నట్టు కోటు పట్టుకున్నాను.

"చేప పొగ లెక్కలోకి వస్తుందా అమ్మాయ్?"

"ఏమిటి?"

"వాడు చేపలు కాలుస్తాడు. రోజూ ఆ పొగలోనే ఉంటాడు. అది సరిపోతుందా?"

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పక్కన కూర్చుంది, నా ఎగిరే చెయ్యి పట్టుకుంది. "రాదు రైలీ గారూ. గుండెల్లోకి లాగి తాగే పొగ వేరు. చేప పొగ లెక్కలోకి రాదు."

డాక్టరు వచ్చాడు, నన్ను మానమన్న ఆయన కాదు, ఇంకో కుర్రాడు, చెమటతో. కాళ్లు కొట్టి చూశాడు, కళ్లలో లైటు వేశాడు, పొట్ట నొక్కాడు. డబ్బా తీసి వాడి చేతిలో పెట్టాను, విసిరినట్టే పెట్టాను, ఇది పారేస్తాను, ఏమంటావు అన్నాను. గదమాయిస్తాడనుకున్నాను. పారేయాలనిపించడం న్యాయమే, ఇది మేం చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాడు. ఏం చెప్పను, పోట్లాటకు దిగితే అవతలివాడు చేతులు దించేశాడు. మాత్ర ఆపొద్దు, తగ్గిస్తున్నాను, ఎంతో నేనే చెబుతాను, మీరు కాదు, ఇవాళ ఇక్కడే మంచంమీద ఉంటారు, రక్తంలో మందు ఎంతుందో తేలాక మళ్లీ చూద్దాం అన్నాడు. భయపడి మళ్లీ సిగరెట్ ముట్టించొద్దు, ఒంట్లో మందు ఉన్నట్టుండి పడిపోతుంది, అది ఇంకో తలకిందులు అన్నాడు. మంచం సిద్ధమైంది, తీసుకెళ్తారు అన్నాడు. నేను వెళ్లనన్నాను. తగ్గించినంతే వేసుకుంటాను, కుళాయి చప్పుడు నాకు కావాలి, వేసుకుంటాను, కానీ ఓయివా కబురు తెలిసేదాకా ఈ బల్లమీంచి లేవను. బలవంతంగా మోస్తే మోసుకోండి, నన్ను ఎత్తడానికి క్రేను కావాలి. డాక్టరు మార్కెట్టావైపు చూశాడు. మార్కెట్టా దుప్పటి తెచ్చి నామీద కప్పింది.

నది అలాగే పారుతోంది. అవతల ఒడ్డున ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోతున్నారు, నా కంటే ఒక గంట చిన్నవాళ్లు. అక్కడికి పోతే ఓయివా ఇంకా ఒక గంట వెనకే ఉన్నాడు, ఇంకా నిలబడే ఉన్నాడు, ఇంకా కర్రవల చేతిలోనే ఉంది. ఎడమకి, అన్నారెవరో. కాదు, ఫోర్మన్ కాదు, నడవలో మంచం తోసుకెళుతున్న మనిషి, ఎడమకి తిప్పు అంటున్నాడు ఇంకొకడితో. నిజమైన ఎడమ. పెదవి కింద నూస్కా చేదుగా కరుగుతోంది.

మార్కెట్టా తలుపు తీసుకుని వచ్చింది, చేతిలో ఫోను, మొహం ఎలా ఉందో తెలియలేదు, ఏడుపా నవ్వా, ఏదీ కాని మొహం. అక్కడికి వెళ్లినావిడ ఫోను, ఆయన మీతోనే మాట్లాడతారట అంది. చెవికి పెట్టుకున్నాను. జలపాతం హోరు. హోరులోంచి వాడు.

"ఏమే నాయకురాలా, నామీదికి ఆడమనిషిని పంపావంట. వలలో చేప కూడా పోయింది ఆ కేకలకి."

"ఫోన్ ఎందుకెత్తవురా?"

"చేపలకెవరు ఫోన్ చేస్తారే, గుడిసెలో ఉంది."

"చొంగ కారుతోందా? చేతులు ఎగురుతున్నాయా? నిలబడి నిద్రపోతున్నావా? నిజం చెప్పు ఓయివా."

హోరు. "ఈవిడ చెప్పింది నీ సంగతి" అన్నాడు, గొంతు దిగిపోయింది. "రైలీ. నేను మానలేదే."

"ఏం మానలేదు?"

"మంటలో వేసింది ఖాళీ పెట్టె. ఒక్కరోజు కూడా మానలేదు. పొగగూడు వెనక కూర్చుని తాగుతున్నా. నీ ముక్కు కుక్క ముక్కు, కనిపెడతావని రోజూ చేపలు కాలుస్తున్నా. తినలేక చస్తున్నానే. నీకిచ్చిన పొట్లాలన్నీ అవే. నూస్కా నాకు వాంతి, నువ్వు తెచ్చిన డబ్బాలన్నీ అటకమీదున్నాయి."

ఎండుటాకులా తిరిగి తిరిగి వెళ్లిన పెట్టె. కస్టమ్స్‌వాడు, జనం దాచినవి ముప్పై ఏళ్లు బయటికి లాగినవాడు, దాచడం వాడికి రాకపోతే ఇంకెవరికొస్తుంది? జీవితమంతా నేను అబద్ధాలమీద అరిచాను, యజమానుల అబద్ధాలు, పట్టణ సభ అబద్ధాలు, ఇదిగో ఇక్కడ నా మంటలో నా ముందే వేసిన అబద్ధం, అది ఒక మనిషిని నిలబెట్టింది, మాటకు కట్టుబడ్డ నేను దుప్పటి కింద వణుకుతున్నాను. నోరు తెరిచాను. తిట్లు రాలేదు. మార్కెట్టా నా భుజం పట్టుకుంది.

"రైలీ, ఉన్నావా? తిట్టవే. ఇవాళ్టినుంచి మానేస్తాలే, ఒట్టు. ఈ క్షణంనుంచే."

"మానకు" అన్నాను.

"ఏంటి?"

"ఒక్కటి కూడా తగ్గించకు. ఎప్పుడూ ఎంత తాగుతావో అంతే తాగు. రేపు ఇక్కడికి రా, మార్కెట్టా ఉంటుంది, డాక్టరుంటాడు, మానతానని ముందు వాళ్లకు చెప్పు, వాళ్లు రక్తం చూస్తూ మాత్ర తగ్గిస్తూ ఉంటే అప్పుడు మానుదువు. నేనూ పక్కనుంటాను. అప్పటిదాకా తాగు."

"మాట్లాడేది నువ్వేనా?"

"నేనేరా. తాగు."

హోరు. తరువాత, హోరులోంచి, స్పష్టంగా, అగ్గిపుల్ల గీసిన చప్పుడు.